డిప్లొమా పిల్ల మన కథల్లో ఎక్కడ?

"పాలిటెక్నికేగా!" అంటారు. ఆ చివరి 'గా'తోనే నా పేచీ.

కొడుకు టెన్త్ పాసైతే విజయవాడ కార్పొరేట్ కాలేజీలో ఎంపీసీకి వేసి, కూతురు పాసైతే పాలిసెట్ రాయించే ఇళ్ళు మా చిల్లకల్లులోనే కాదు, జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవే పొడుగునా ఉన్నాయి. ఎందుకలా అంటే మూడు కారణాలు చెబుతారు. ఫీజు తక్కువ. మూడేళ్ళకే చేతికో సర్టిఫికెట్ వస్తుంది. తరవాత సంబంధాలు చూసుకోవచ్చు. మూడోది కాస్త గొంతు తగ్గించి చెబుతారు.

లెక్క చూడండి. ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరు. డిప్లొమా మూడేళ్ళు, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే ఇంకో మూడేళ్ళు, అదీ ఆరే. ఒక్క ఏడాదీ వృథా పోదు. మరి తేడా ఎక్కడ? పదిహేనేళ్ళకి టెన్త్ అయిన పిల్లకి డిప్లొమా పద్దెనిమిదికి అవుతుంది. చట్టం ఆడపిల్ల పెళ్ళికి ఒప్పుకునే వయసూ అదే. ఆ వేసవిలో మగపిల్లాడి ముందుండే ప్రశ్న ఉద్యోగమా, ఈసెట్టా అని. ఆడపిల్ల ముందుండేది ఈసెట్టా, పెళ్ళా అని. అది బాల్యవివాహం కాదు కనక ఎవరూ వచ్చి ఆపరు. డిప్లొమా పూర్తయింది కనక డ్రాపవుట్ లెక్కలోకీ రాదు. ఇంత శుభ్రంగా, ఏ రికార్డుకీ ఎక్కకుండా చదువు తెగిపోయే చోటు మన వ్యవస్థలో ఇంకోటి లేదనుకుంటాను.

మన రాష్ట్రంలో మూడో వంతు సీట్లు ఆడపిల్లలకి రిజర్వు చేశారు. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలిస్తుంది, డిప్లొమా వాళ్ళకీ, లేటరల్ ఎంట్రీలో చేరినవాళ్ళకీ. మంచివే, కాదనను. కానీ సీటు వేరు, వర్క్‌షాపులో బెంచీ దగ్గర చోటు వేరు. నేను చదివిన చోట ఫిట్టింగ్ క్లాసులో ఆకురాయి నా చేతికొచ్చిన రెండు నిమిషాలకే ఎవరో ఒకరు తీసుకునేవారు. "నువ్వు రికార్డు రాసుకో అమ్మా, నీ చేతిరాత బాగుంటుంది" అనేవారు. ఆ మాటలో దురుద్దేశం లేదు, ప్రేమే ఉంది. ఆ ప్రేమతోనే మా బ్యాచ్ ఆడపిల్లలందరం ముత్యాల్లాంటి రికార్డులతో బయటికొచ్చాం.

ఒక్కచోట మాత్రం ఎవరూ లాక్కోలేకపోయారు. మెషిన్స్ ల్యాబ్‌లో డీసీ మోటారు. అది నిలబడి ఉన్నప్పుడు లోపల ఎదురు వోల్టేజి పుట్టదు. నేరుగా సప్లై ఇస్తే కరెంటు విపరీతంగా లాగేస్తుంది. అందుకని స్టార్టర్‌లో రెసిస్టెన్సు పెట్టి, మోటారు వేగం అందుకునేకొద్దీ మెల్లమెల్లగా తీసేస్తారు. ఆ హ్యాండిల్ పట్టుకుని, మోటారు చప్పుడు మారేదాకా ఆగి ముందుకు జరపడంలో నాకు ఫిజిక్స్ అర్థమైంది. పుస్తకంలో అది నాలుగు లైన్లు.

యూనివర్సిటీలో చేరాక ఈ తెలివికి విలువ లేదు. "ఇది ఫస్టియర్‌లో చెప్పేశాంగా" అనేవారు సారు. ఆ ఫస్టియరే మాకు లేదు. ఈసెట్ 200 మార్కుల్లో సగం ఇంజనీరింగు, లెక్కలు 50, ఫిజిక్సు 25. ఆ పాతిక మార్కుల ఫిజిక్సు మీద మా మిగతా మూడేళ్ళూ నిలబడాలి. ఇంటర్ నుంచి వచ్చిన పిల్లలకి ఇంటిగ్రేషన్ వచ్చు, మోటారు రాదు. మాకు మోటారు వచ్చు, ఇంటిగ్రేషన్ తడబాటు. అందులో ఒకదాన్నే వెనకబాటు అన్నారు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి యూనివర్సిటీకి మారడం మామూలు విషయం, అక్కడా చిన్నచూపు లేకపోలేదు. చేతిపనికీ బుద్ధికీ మధ్య గీత గీసిన కులవ్యవస్థ మనకి అదనం.

చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న ఊళ్ళు మావి. డిప్లొమా అమ్మాయికి అక్కడ మెయింటెనెన్సులో పనెందుకు లేదంటే నైట్‌షిఫ్టు అనేవారు. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షను రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా ఆడవాళ్ళు ఫ్యాక్టరీలో పనిచెయ్యకూడదంది. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన లేబర్ కోడు వాళ్ళ సమ్మతితో చెయ్యొచ్చంటోంది. ఈ మధ్యకాలమంతా, చీకటి విడకముందే మిరపకోతలకి ఆటోల్లో ఒకరి మీద ఒకరు కూర్చుని వెళ్ళే ఆడవాళ్ళకి మాత్రం ఏ సెక్షనూ అడ్డం రాలేదు. రక్షణ జీతం బాగున్న పనికే అవసరమైంది!

ఇక మన సంగతి. ఆడవాళ్ళూ ఇంజనీరింగూ అనగానే మనం ఎ. లలిత పేరు తలుచుకుంటాం. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి, చంటిపిల్లతో 1940లలో గిండీలో ఎలక్ట్రికల్ చదివిన తెలుగావిడ. తలుచుకోవాల్సిందే. అయితే ఆవిడ తండ్రి అదే కాలేజీలో ప్రొఫెసరు. ఆ మాట కూడా చెప్పకపోతే మిగిలేది ఒక అద్భుతమైన మనిషి కథే, తలుపు ఎవరికి తెరుచుకుందన్న ప్రశ్న మిగలదు.

'నీలిమేఘాలు' వచ్చింది 1993లో. వంటిల్లు, శరీరం, పెళ్ళి, కులం, మతం అన్నిటి గురించీ అప్పటినుంచి రాస్తూనే ఉన్నాం. మన కథల్లో చదువుకున్న అమ్మాయి లెక్చరరవుతుంది, జర్నలిస్టవుతుంది, ఈమధ్య సాఫ్ట్‌వేరూ అయింది. నేను చదివినంతలో స్టార్టర్ హ్యాండిల్ పట్టుకున్న అమ్మాయి కనపడలేదు. సైన్సు మగవాళ్ళ భాష అని సిద్ధాంతం రాయడం మనకి తేలిక. ఆ భాష నేర్చుకుంటున్న పిల్లని "నీకేం అడ్డమొచ్చింది?" అని అడగడం పేరు చివర పీహెచ్‌డీ ఉన్న మనకి తోచలేదు. ఇంజనీరింగ్ కాలేజీల నిండా ఆడపిల్లలేగా అంటారేమో. వాళ్ళు ఏ బ్రాంచీలో కూర్చున్నారో, ఎవరు ఏ మలుపులో దిగిపోతే మిగిలారో కూడా చూడండి.

ఈసెట్ కౌన్సెలింగుకి వచ్చినవాళ్ళ పేర్లు ప్రభుత్వం దగ్గరుంటాయి. ర్యాంకు వచ్చీ రానివాళ్ళ గోడు ఎవరూ రాసిపెట్టలేదు. అది తెలియాలంటే పరిశోధకులు ఒక వేసవి మా హైవే ఊళ్ళలో దిగి, వీధుల్లోకి నడిచి, రికార్డు పుస్తకాలు ఇంకా పారెయ్యని ఇళ్ళ తలుపు కొట్టాలి.