పొత్తిగుడ్డల మూట



బేత్లెహేములో మరియమ్మకు సత్రంలో చోటు దొరకలేదు గాని, బిడ్డకు చుట్టడానికి పొత్తిగుడ్డలు మాత్రం ఉన్నాయి (లూకా 2:7). నజరేతు నుండి అంత దూరం వచ్చిన ఆ నిండుచూలాలు వాటిని మూటలో పెట్టుకొనే బయలుదేరి ఉంటుందని మాకు తోస్తుంది. దేవదూత మాట స్వయంగా విన్న తల్లి కూడా సిద్ధపడింది. సిద్ధపడడం అవిశ్వాసం కాదు.

ఈ మాట మేము కష్టపడి నేర్చుకొన్నాము. మా పెద్దమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నందున డాక్టరమ్మ ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఆ తేదీకి పది రోజుల ముందే, నడిరాత్రి నొప్పులు వచ్చాయి. సంచిలో కొత్త చీరలు రెండు, బిడ్డకు గౌను, కాటుక డబ్బా ఉన్నాయి. రిపోర్టుల ఫైలు మాత్రం అత్తవారింట్లో ఉండిపోయింది! అమ్మాయిది నెగెటివ్ గ్రూపు రక్తం. పరీక్షలన్నీ మళ్లీ చేసి, రక్తం వెదికే సరికి తెల్లవారింది. ప్రభువు కృపచేత తల్లీబిడ్డలు దక్కారు. ఆ రాత్రి మా చేతులు ఎంత వణికాయో ఆయనకే తెలుసు.

కాబట్టి ఎనిమిదో నెల నిండకముందే సంచి సర్దండి. మొదట కాగితాలు: మాతా శిశు సంరక్షణ కార్డు, స్కానింగు, రక్త పరీక్షల రిపోర్టులు, ఆధార్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం, వాడుతున్న మందుల చీటీ. రక్తం గ్రూపును కార్డు పైన పెద్ద అక్షరాలతో రాయండి. తల్లిది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పు తరువాత 72 గంటలలోపు తల్లికి యాంటీ-డి ఇంజక్షన్ పడాలి. మరచిపోకుండా అడగండి.

తల్లికి ముందు గుండీలున్న వదులు నైటీలు మూడు నాలుగు కావాలి. లంగా బొందు కుట్ల మీద ఒరుసుకొంటుంది గనుక చీరల జోలికి పోవద్దు. పెద్ద సైజు ప్యాడ్లు, తువ్వాలు, జారని చెప్పులు, సబ్బు, దువ్వెన, మూతగల గ్లాసు, ఫ్లాస్కు, దుప్పటి పెట్టండి. నగలు, గాజులు ఇంట్లోనే తీసి దాచండి. గోళ్ల రంగు ఉంటే తుడిచివేయండి.

బిడ్డ గుడ్డలు వేరే చిన్న సంచిలో ఉంచండి. ఆపరేషన్ గది నుండి నర్సమ్మ అడిగే సంచి అదే. మెత్తని పాత నూలు చీర చింపి, ఉతికి, ఎండలో ఆరవేసిన గుడ్డలు పది, టోపీ, మేజోళ్లు చాలు. కాటుక, ఆముదం, తేనె, పాల సీసా వద్దు. ఆపరేషన్ అయినా వీలైనంత త్వరగా, గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. ముర్రుపాలు పిండి పారబోయవద్దు.

డాక్టరు తినవద్దన్న వేళ తరువాత జాలిపడి ఒక్క ఇడ్లీ కూడా పెట్టకండి. మత్తులో వాంతి అయి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం.

ఖర్చుకు జంకి ఆలస్యం చేయకండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్, మందులు, రక్తం, తల్లికి భోజనం ఉచితం. అలాగని అవసరం లేని కోత కోరుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42కి పైగా కాన్పులు ఆపరేషన్లే. విశ్వాసులమైన మనం కూడా మంచి రోజు చూసి కోయించుకోవడం తగునా?

ఇంకొక మాట చెప్పక తప్పదు. మా అమ్మాయి బిడ్డతో మొదటిసారి గుడికి వచ్చినప్పుడు ఒక పెద్దమ్మ, “ప్రార్థన చాలకనే కోత పడింది” అన్నది. అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. పెద్దావిడ గదా అని మేము నోరు మెదపలేదు. ఆ మౌనానికి ఈనాటికీ సిగ్గుపడుతున్నాము. రాహేలు ప్రసవవేదనలో కన్నుమూసింది ఎఫ్రాతా దారిలోనే. ఎఫ్రాతా అంటే బేత్లెహేమే (ఆదికాండము 35:19). ఆమెకు ప్రార్థన చాలలేదని లేఖనం ఎక్కడా అనలేదు. ఆనాటి తల్లులకు అందని వైద్యం నేటి తల్లులకు అందుతున్నది. అదీ దేవుని దయే. కుట్లతో మన మధ్య కూర్చున్న తల్లి విశ్వాసంలో ఎవరికీ తీసిపోదు.

సంఘంగా మనం సర్దవలసిన సంచి కూడా ఉంది. యౌవనస్థుల రక్తం గ్రూపులు రాసి పాస్టరుగారి దగ్గర ఉంచండి. రాత్రివేళ బండి ఎవరిదో ముందే మాట్లాడుకోండి. ఆసుపత్రిలో తోడున్నవారికి పూటకొకరు అన్నం క్యారియరు పంపండి. ఇంటికి వచ్చాక బిందె బరువు ఎత్తనివ్వక, నీళ్లు మీరే తెచ్చిపెట్టండి.

నెలలు నిండిన ప్రతి తల్లికీ ప్రభువు తోడై, సుఖంగా ఇల్లు చేర్చును గాక. ఆమేన్.