భయం మీద నడిచే ఉత్తరం

మిరపకోతలకు పడమటికి పోయి వచ్చిన మా పొరుగింటి పెద్దమ్మ మనవడి ఫోను పట్టుకుని మొన్న మా అరుగెక్కింది. "అబ్బాయ్, ఇది పన్నెండుమందికి పంపకపోతే ఇంట్లో కీడు జరుగుతుందని రాశారంట. నాకు తెలిసినవాళ్లు ఏడుగురే. తక్కిన అయిదుగురికి నువ్వు పంపుతావా?" అన్నది. ప్రభువు పేరుతో మొదలై బెదిరింపుతో ముగిసే సందేశమది.

ఈ విషయంలో కొత్తపట్నంలో నేను రెండు వాదాలు విన్నాను. "దేవుని మాటే గదా, పంపితే పోయేదేమున్నది?" అనేది చదువుకున్న విశ్వాసుల వాదం. "మతమే మూఢత్వమైనప్పుడు అందులో మంచిచెడ్డలు ఎంచటమెందుకు?" అనేది మన అభ్యుదయ మిత్రుల వాదం. రెండూ తప్పేనంటాను.

మొదటి వాదం చూద్దాం. ఇది దేవుని మాట కాదు. తిరుపతి వెంకన్న పేరుతో పోస్టుకార్డులు వచ్చిన రోజులు పెద్దలకు గుర్తుండే వుంటాయి. ఇన్ని కార్డులు రాస్తే లాభం, రాయకపోతే నష్టం అని వాటిలో వుండేది. దేవుడి పేరు మారింది గాని బెదిరింపు మారలేదు. క్రైస్తవ ప్రపంచానికి కూడా ఈ జబ్బు కొత్తది కాదు. ఆకాశం నుంచి క్రీస్తు ఉత్తరం పడిందని ప్రచారం చేసిన ఆల్డెబర్ట్ అనేవాణ్ణి 745లో రోములో పోపు జకరయ్య జరిపిన సభ ఖండించింది. అటువంటి ఉత్తరాలను నమ్మవద్దు, చదవవద్దు, కాల్చివేయండని 789లో షార్లమేన్ చక్రవర్తి శాసించాడు. హేతువాదం ఊసైనా లేని కాలంలో విశ్వాసులే చేసిన పని ఇది!

అంత దూరం పోనవసరం లేదు. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి చూపించాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. అన్నం కోసం అడుగుతున్నారేమోనని కరువు సడలేదాకా ఆయన ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీల చరిత్రపై మనకు ఎన్ని విమర్శలైనా వుండవచ్చు. కాని ఆకలి విశ్వాసానికి పునాది కారాదని ఆనాడు ఆయనకు తోచింది. ఆనాడు బాప్తిస్మం పొందినవారి మునిమనుమలకు ఈనాడు భయాన్ని పునాదిగా వేస్తున్నారు. దీన్ని భక్తి అనటానికి నోరెలా వస్తుంది?

"పోయేదేమున్నది" అనేవారికి మరో సంగతి. భారతదేశంలో బౌద్ధ తీవ్రవాదులు ఇరవై చర్చీలు తగలబెట్టారనీ, ఓలిసాబాంగ్ రాష్ట్రంలో రెండువందలమంది మిషనరీలను ఇరవైనాలుగు గంటల్లో చంపబోతున్నారనీ, ప్రార్థించి అందరికీ పంపండనీ 2010 నుంచి ఒక సందేశం లోకమంతా తిరిగింది. ఆ పేరుగల రాష్ట్రం మన దేశంలో లేదు. కాని కంధమాల్ వున్నది. 2008 ఆగస్టులో అక్కడ చర్చీలు నిజంగానే కాలాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 40 మంది చనిపోయారు, వేలాదిమంది అడవుల్లోకి పారిపోయారు. కల్పిత రాష్ట్రం కోసం కన్నీరు కార్చి మోసపోయినవాడు రేపు కంధమాల్ సంగతి చెబితే నమ్ముతాడా? "ఇదీ అటువంటిదే" అని హంతకుడి తరపు వకీలు అనటానికి మనమే సందు ఇచ్చినట్టు కాదా? అబద్ధసాక్ష్యం కూడదన్న ఆజ్ఞ వున్న మతంలో, విచారించకుండా పంపటమంటే సాక్షిబోనెక్కి చూడనిది చూశానని చెప్పటమే.

ఇక మన మిత్రుల సంగతి. పౌలు చెప్పిన మాట నిజమో కాదో లేఖనాలు తిరగేసి చూసుకున్నందుకు బెరయ వాసులను బైబిలే మెచ్చుకున్నది. పరీక్షించి నమ్మే ఆ గుణం మనకు బంధువా, శత్రువా? పెద్దమ్మను ఎగతాళి చేస్తే ఆమె మనకు దూరమై బెదిరించేవాడికి దగ్గరవుతుంది. పైగా మన చేతులు మాత్రం శుభ్రంగా వున్నాయా? మనకు నచ్చిన నాయకుడి పేరుతో, మనకు గిట్టని పార్టీ మీద వచ్చినదాన్ని ఎవరు రాశారని అడగకుండా ఎన్నిసార్లు పంపలేదు? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారు నమ్మి 2018 జూలై 1న మహారాష్ట్రలోని రైన్‌పాడాలో అయిదుగురు సంచారజాతి బీదలను కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదుచోట్లకే పంపేటట్టు కట్టడి పెట్టింది. లెక్కకు కట్టడి పెట్టవచ్చు గాని, వివేకాన్ని ఏ కంపెనీ తయారుచేసి ఇస్తుంది?

పెద్దమ్మకు నేను దేవుడు లేడని చెప్పలేదు. "దీని కింద రాసినవాడి పేరున్నదా?" అని అడిగాను. లేదన్నది. "పేరు లేని నోటు మీద వేలిముద్ర వేస్తావా?"

"మా మామ ఒకసారి వేసి ఎకరం పోగొట్టాడు," అని ఫోను నా చేతికిచ్చి, "తీసెయ్యి," అన్నది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టిందో లేదో నాకు తెలియదు. ఒక్కమాటతో పోయే భయం కాదది.

1937లో ఈ కొత్తపట్నంలోనే వేసవి రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించింది. జనం ప్రశ్నించటం నేర్చుకుంటారని పాలకులకు భయం. ఈనాడు "ఎవరు రాశారు? ఎవరు చూశారు? ఎవరికి లాభం?" అని అడగవద్దని మనల్ని ఎవరూ నిషేధించలేదు. ఉపాధ్యాయులూ, విద్యార్థులూ ఈ మూడు ప్రశ్నలు తీసుకుని చర్చి వాకిటికీ, గుడి వాకిటికీ వెళ్లాలి. అంతకుముందు వాటిని తమ ఫోనుకు వేసుకోవాలి.