ఏ రికార్డు మిన్న?

పది రికార్డులు ముందు పెట్టి "వీటిలో మిన్న ఏది?" అని అడగడం తేలిక. జవాబు చెప్పబోతేనే తగవు. 1970–79 మధ్య అమెరికా, ఇంగ్లండులలో వెలువడిన సోల్, రాక్ ఆల్బముల విషయమై ఈ తగవు ఇన్నేళ్లయినా తెగలేదు.

సోల్ అంటే అమెరికా నల్లవారి చర్చి గానంలోనుంచి పుట్టి లోకంలోకి వచ్చిన పాట. ఆ పక్షంవారు మార్విన్ గే 1971లో వెలువరించిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ను ముందు నిలుపుతారు. వియత్నాం యుద్ధంనుంచి ఇల్లు చేరిన సైనికుడు తన దేశాన్ని ఎలా చూస్తాడో చెప్పే ఆల్బము అది. గాయకుని తమ్ముడు ఆ యుద్ధానికి వెళ్లివచ్చినవాడే. ఆల్బముకు పేరిచ్చిన పాటను విడుదల చేయడానికి మోటౌన్ కంపెనీ స్థాపకుడు బెర్రీ గోర్డీ మొదట ఒప్పుకోలేదు. తీరా వచ్చాక జనం నెత్తిన పెట్టుకున్నారు.

రాక్ పక్షంవారిది పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో తెచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’. కాలం, డబ్బు, చావు, మతిచలనం అందులో విషయాలు. గడియారాల మోత, నాణేల గలగల, గుండె చప్పుడు కూడా సంగీతంలో కలిపారు. అమెరికాలోని బిల్‌బోర్డ్ పత్రికవారి 200 ఆల్బముల పట్టికలో అది 900 వారాలకు పైగా కనబడింది.

పట్టికలే తీర్పు చెబుతాయి గదా అంటారా? రోలింగ్ స్టోన్ పత్రికవారు 2003లో వేసిన సర్వకాల ఉత్తమ ఆల్బముల జాబితాలో మార్విన్ గేది 6వ స్థానం. 2020లో మళ్లీ ఓట్లు తీస్తే 1వ స్థానం. ఈ మధ్య ఆల్బములో ఒక్క స్వరమూ మారలేదు. మారింది వినేవారే.

మేము ఆఫీసులో గుమాస్తాపని చేసేవారము. ఏ కాగితం చేతికి వచ్చినా అడుగున సంతకమెవరిదో ముందు చూస్తాము. మోటౌన్ రికార్డులకు ఏళ్లతరబడి వాయించిన వాద్యకారుల పేర్లు అట్టమీద అచ్చుపడినది ‘వాట్స్ గోయింగ్ ఆన్’తోనే. పింక్ ఫ్లాయిడ్ ఆల్బములో క్లేర్ టోరీ అనే గాయని ఒక పాటంతా మాటలు లేకుండా గొంతుతోనే పలికించింది. ఆనాడు ఆమెకు ముట్టినది 30 పౌండ్లు. ఆ పాట కట్టినవారిలో ఒకరుగా పేరు దక్కడానికి ఆమె కోర్టుకెక్కవలసి వచ్చింది. 2005లో గాని రాజీ కుదరలేదు.

పేర్లు అచ్చువేసినంత మాత్రాన పాట గొప్పదవుతుందా? కాదు. కాని రెండు పళ్లేలూ సమంగా తూగినచోట, చెమటోడ్చినవారి పేరు చెప్పినదానివైపే మేము మొగ్గుతాము. మా ఓటు మార్విన్ గేకు.

ఇప్పుడు మన పిల్లలు ఫోనులో పాటలు వింటున్నారు. చేత పట్టుకు చూడడానికి అట్ట లేదు. పాట అయిపోయాక "వాయించినదెవరు నాయనా?" అని ఒకమాట అడగండి. వెతికి చెబుతారు.

ఇక 1976 నాటి ‘సాంగ్స్ ఇన్ ది కీ ఆఫ్ లైఫ్’ను తలవనందుకు స్టీవీ వండర్ అభిమానులు మామీదికి రాకముందే మనవి: వారి వాదన వచ్చే నెల వింటాము.