హాస్టల్‌కు రెండు స్ప్రింగులు కావాలి



జాతరల్లో రంగురంగుల ప్లాస్టిక్ స్ప్రింగులు అమ్ముతుంటారు. రెండు చేతుల మధ్య అటూ ఇటూ ఊపుతూ ఆడుకుంటాం, చిక్కుపడగానే మూలన పడేస్తాం. దాని అసలు రూపం ఉక్కు తీగతో చేసినది. పేరు స్లింకీ. దాన్ని చిన్నపిల్లల ఆటవస్తువని తీసిపారేయకూడదనీ, ప్రతి వసతి గృహంలోనూ కనీసం రెండు ఉండాలనీ నా అభిప్రాయం.

ముందు దాని పుట్టుక చెబుతాను. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రిచర్డ్ జేమ్స్ అనే ఇంజనీరు ఉండేవాడు. 1943లో, రెండవ ప్రపంచయుద్ధం జరుగుతుండగా, ఓడ ఎంత ఊగినా అందులోని సున్నితమైన పరికరాలు నిలకడగా ఉండేందుకు స్ప్రింగులతో ప్రయోగాలు చేస్తున్నాడు. ఒక స్ప్రింగు పైనుంచి జారి, దభీమని పడకుండా అడుగులు వేస్తున్నట్లు కిందికి దిగింది. అదృష్టం అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. పడిన వస్తువును తీసి మళ్లీ బల్లమీద పెట్టేసేవాళ్లే లోకంలో ఎక్కువ. అతను మాత్రం తగిన తీగ, తగిన బిగువు కుదిరేదాకా వదల్లేదు. భార్య బెట్టీ నిఘంటువు తిరగేసి పేరు పెట్టింది. 1945 నవంబరులో గింబెల్స్ అనే పెద్ద దుకాణంలో వాలుబల్ల మీద నడిపించి చూపితే, గంటన్నరలో 400 బొమ్మలూ అమ్ముడుపోయాయి. ఒక్కోటి ఒక డాలరు.

చాలామంది కథను ఇక్కడే ఆపేస్తారు. నన్నడిగితే అసలు కథ తర్వాతే ఉంది. 1960లో రిచర్డ్ ఇల్లూ వ్యాపారమూ వదిలి, ఒక మతబృందంలో చేరడానికి బొలీవియా వెళ్లిపోయాడు. ఇంట్లో ఆరుగురు పిల్లలు, నెత్తిన అప్పులు. బెట్టీ బెదరలేదు. ఫ్యాక్టరీని హాలిడేస్‌బర్గ్ అనే చిన్న ఊరికి మార్చి, దశాబ్దాల పాటు తానే నడిపింది. 1996లో కూడా మామూలు స్లింకీ ధర సుమారు రెండు డాలర్లే. ఖరీదైన బొమ్మలు కొనలేని పిల్లల పట్ల తనకు బాధ్యత ఉందని ఆమె చెప్పేది. 2008లో ఆమె కన్నుమూసింది. పుట్టించినవాడి పేరుతో పాటు, మనలాంటి పిల్లల చేతికి అందేలా ఉంచిన ఆమె పేరు కూడా చెప్పాలి కదా!

ఇక మన చదువు సంగతి. తిర్యక్ తరంగం, అనుదైర్ఘ్య తరంగం... నిర్వచనాలు నిద్రలో లేపి అడిగినా చెబుతాం. కానీ చూసినవాళ్లు ఎంతమంది? వరండాలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని స్ప్రింగును సాగదీసి పట్టుకోండి. ఒక చుట్టకు ఎర్రదారం కట్టండి. ఒక చివర పక్కకు ఊపితే తిర్యక్ తరంగం, ముందుకు నెట్టి లాగితే అనుదైర్ఘ్య తరంగం. అల ఆ చివరిదాకా పోతుంది, దారం మాత్రం అటూ ఇటూ ఊగి ఉన్నచోటే ఆగుతుంది. నేను మాట్లాడితే నా నోటి దగ్గరి గాలి మీ చెవిదాకా ప్రయాణించి రాదని అప్పుడు తెలుస్తుంది.

ఇంకో వింత ఉంది. స్ప్రింగును పైచివర పట్టుకుని వేలాడదీసి వదలండి. పై చుట్టలు వచ్చి తగిలేదాకా కిందిచివర గాలిలో అలాగే నిలబడి ఉంటుంది. పైన వదిలేశారన్న కబురు కూడా తరంగంలాగే చుట్టల గుండా కిందికి చేరాలి మరి. అంతవరకూ దాన్ని పైకి లాగే బలం తగ్గదు. 1985లో డిస్కవరీ నౌకలో అంతరిక్షానికి కూడా స్లింకీని తీసుకెళ్లారు. బరువు తెలియని ఆ చోట అది నడవనే లేదు!

పరీక్షలో మార్కులు రావు కదా అని కొందరంటారు. తరంగాల ప్రశ్న వచ్చినప్పుడు కళ్లకు కట్టినట్లు రాయగలిగితే మార్కులు ఎందుకు రావు? కాబట్టి పెద్దలకు నా మనవి: క్యారమ్ బోర్డులు, వాలీబాల్‌ల జాబితాలో ఈ ఏడు రెండు స్ప్రింగులు చేర్చండి. ఉక్కువైతే మేలు. అయితే మరీ సాగదీస్తే వంగిపోయి మళ్లీ దగ్గరకు రావు, కాబట్టి 6వ తరగతి తమ్ముళ్లకు ఇచ్చేటప్పుడు పక్కన ఒక పెద్దవాణ్ణి కూర్చోబెట్టండి.