కరోనా చలికాలంలో బడి ఎవరు నడిపారు?

"ఏజెన్సీలో టీచరు ఉద్యోగాలు ఏజెన్సీ వాళ్లకే ఎందుకివ్వాలి?" అని అడుగుతుంటారు. పాడేరు బస్సులో అడుగుతారు, విశాఖలో కోచింగ్ సెంటరులో పక్క బెంచీ మీద కూర్చుని అడుగుతారు. "మెరిట్ ఉంటే మీకే వస్తాయి కదా" అని నవ్వుతూ కలుపుతారు కూడా. మన మిత్రులు చాలామంది ఐదో షెడ్యూలు తీసి జవాబు చెబుతారు. అది చెప్పాల్సిందే. నేను మాత్రం 2020 చలికాలం సంగతి చెబుతాను. నా జవాబు ఆ చలికాలమే.

2020 మార్చిలో ఆశ్రమ పాఠశాలల నుంచి పిల్లల్ని ఇళ్లకు పంపేశారు. ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని కొండ దారుల్లో నడిచి వచ్చారు. వాళ్ల వెనకే మేమూ వచ్చాం. మాది చింతపల్లి కొండల్లో చిన్న ఊరు. మేం ఐదుగురం స్నేహితులం. నేను డి.ఎడ్. పూర్తిచేసి డీఎస్సీ కోసం చదువుతున్నాను. మా బావ డిగ్రీ రెండో ఏడు. ఒక నేస్తం నర్సింగు చదువుతోంది. ఇంకొకామె ఇంటర్. ఐదోవాడు పై కొండ మీది కోదు ఊరివాడు, ఐటీఐ చేసి విశాఖలో పనికి కుదిరిన ఆరు నెలలకే పని పోయి ఇల్లు చేరాడు.

వానలు తగ్గాయి, చలి దిగింది. నవంబరు 2న 9, 10 తరగతుల వాళ్లకు బడులు తెరిచారు. ఒకటి నుంచి ఐదు దాకా చదివే గుంటలకు మాత్రం 2021 ఫిబ్రవరి 1 దాకా బడి లేదు. అంటే ఆ చలికాలమంతా మా ఊళ్లో చిన్నపిల్లలు ఇళ్ల దగ్గరే ఉన్నారు. జబ్బు భయం నిజమే, బడులు మూయడం తప్పని నేననను. కానీ ఆ డిసెంబరులోనే లంబసింగికి మంచు చూడ్డానికి కార్లు బారులు తీరాయి. మాస్కు గడ్డం కింద పెట్టుకుని ఫొటోలు దిగారు. మా మంచు చూడ్డానికి వచ్చినవాళ్లకు దారి ఉంది, ఆ మంచులో పుట్టిన పిల్లకు బడి లేదు. ఈ మాట మరచిపోకూడదని రాస్తున్నాను.

"పాఠాలు టీవీలో వస్తున్నాయి, ఫోనులో వస్తున్నాయి" అన్నారు. మా ఊళ్లో ఫోనుకు సిగ్నల్ దొరికేది ఒకటే చోట, ఊరి పైనున్న బండ మీద. పొద్దున తొమ్మిది దాటితే గాని మంచు విడదు. అంత చలిలో గుంటలు బండ ఎక్కి, ఒక ఫోను చుట్టూ పదిమంది మూగి చూసేవారు. బొమ్మ ఆగిపోయేది, మాట తెగిపోయేది. బొమ్మ ఆడినప్పుడు కూడా పెద్ద లాభం లేదు. అందులో మాట్లాడే తెలుగు మా రెండో తరగతి పిల్లకు సగం కూడా అందదు. మా ఊరి ఇళ్లలో ఆదివాసీ ఒడియా, పై ఊరిలో కువి. తెలుగు మాకు సంతలో ఎదురయ్యే భాష. నాలుగు రోజులకు గుంటలు బండ ఎక్కడం మానేశారు. తల్లుల వెంట కాఫీ పళ్లు కొయ్యడానికి పోయారు.

అప్పుడు మేం కూర్చుని మాట్లాడుకున్నాం. సేవ చేద్దామనీ, సంఘం పెడదామనీ కాదు. సాయంత్రం ఎలాగూ మంట వేసుకుని కూర్చుంటున్నాం, గుంటలూ చలి కాగడానికి వస్తున్నారు, ఆ గంటన్నరా చదివిద్దాం అనుకున్నాం. అంతే. నర్సింగు నేస్తం ఒక షరతు పెట్టింది. ఎడం ఎడంగా కూర్చోవాలి, ముక్కూ నోరూ మూయాలి, దగ్గు ఉన్నవాళ్లు ఆ పూట రాకూడదు. ఒక మంట బదులు నాలుగు మంటలు వేశాం. పగలు కళ్లంలో రాజ్మా నూర్చడం, కాఫీ తోటలో పని. రాత్రి చోడి అంబలి తాగి మంట దగ్గర బడి.

లెక్కలు రాజ్మా గింజలతో మొదలయ్యాయి. మూడో తరగతి పిల్లకు పుస్తకంలోని "సగం" అన్న మాట ఎంత చెప్పినా ఎక్కలేదు. మా బావ లేచి అడ్డ, కుంచం తెచ్చి ముందు పెట్టాడు. రెండు అడ్డలు కొలిస్తే ఒక కుంచం. అది వాళ్లమ్మ రోజూ కొలిచేదే. "అడ్డ అంటే కుంచంలో ఎంత?" అని మా భాషలో అడిగాడు. పిల్ల నవ్వింది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. ఆ రాత్రి సగం, పావు, ముప్పావు మూడూ అయిపోయాయి. ఏడాది పాటు రాని లెక్క పిల్లకు రాక కాదు, అడిగిన భాష రాక.

ఇంకో రాత్రి చదువు చెబుతున్నాను. పలక మీద "పని" అని రాసి చదవమన్నాను. ఒక గుంట చక్కగా కూడబలుక్కుని చదివి, వెళ్లి నీళ్ల కుండ దగ్గర నిలబడింది. మా భాషలో పాని అంటే నీళ్లు. ఆ పిల్ల తప్పు చదవలేదు. తనకు తెలిసిన అర్థానికి చదివింది. నేను మా ఊరివాణ్ని కాబట్టి ఫక్కున నవ్వి, పక్కనే "పాని" అని రాసి, దీర్ఘం ఉంటే నీళ్లు, లేకపోతే తెలుగులో పని అని చూపించాను. గుంటలందరికీ దీర్ఘం అంటే ఏమిటో ఆ ఒక్క మాటతో వచ్చేసింది. ఆ భాష రానివాడు నా చోట ఉంటే ఏమనేవాడు? "ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు" అనేవాడు. మన గురించి ఈ మాట ఎన్నిసార్లు విన్నామో మనకు తెలుసు.

పై ఊరి కువి పిల్లలు ఎనిమిదిమంది కిందికి వచ్చేవారు. వాళ్ల దగ్గర నా డి.ఎడ్. పనికిరాలేదు. నాకు కువి నాలుగు ముక్కలే వచ్చు. వాళ్లకు పంతులు ఐటీఐ చదివిన మా నేస్తమే. ఆదివాసీనైనంత మాత్రాన నేను ప్రతి ఆదివాసీ పిల్లకూ పంతుల్ని కాలేనని ఆ మంట దగ్గరే నాకు తెలిసింది. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

జనవరిలో ఆ నేస్తానికే జ్వరం వచ్చింది, వాసన పోయింది. పరీక్ష చేయించుకుని వచ్చి, ఎవరూ చెప్పకుండానే వలిసె పొలంలోని పాకలోకి వెళ్లిపోయాడు. అంత చలిలో 14 రోజులు ఒక్కడే. మేం వంతులు వేసుకుని అంబలి, వేడినీళ్లు, కట్టెలు గట్టు మీది రాతి దగ్గర పెట్టి వచ్చేవాళ్లం. నర్సింగు నేస్తం దూరం నుంచే ఆయాసం ఉందా అని రెండు పూటలా అడిగేది. నాలుగైదు రోజులకు జ్వరం తగ్గగానే వాడు ఏం చేశాడో తెలుసా? గెడ్డకు ఆ ఒడ్డున నిలబడి, ఈ ఒడ్డున ఉన్న కువి పిల్లల చేత ఎక్కాలు చెప్పించాడు. వాడికి ఎవరూ జీతం ఇవ్వలేదు, ఎవరూ హాజరు పట్టీ అడగలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మేం ఇలా చలిలో బడి నడిపిన ఏడాదే, 2020 ఏప్రిల్ 22న, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జీవో నెం. 3ను కొట్టేసింది. 2000 జనవరి 10న వచ్చిన ఆ జీవో ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక షెడ్యూల్డ్ తెగల వారికే. నూటికి నూరు శాతం ఇవ్వడం సమానత్వానికి విరుద్ధమనీ, 50 శాతం పరిమితి దాటకూడదనీ కోర్టు చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని, ఇకముందు పరిమితి దాటకూడదన్న షరతు మీద, ఉండనిచ్చింది. దేశమంతా ఇళ్లలో తలుపులు వేసుకుని ఉన్న రోజులవి. రోడ్డెక్కి ఒక్క నినాదం చేసే వీలు లేదు. మేం ఈ వార్త ఆ సిగ్నల్ బండ మీదే చదివాం.

మూడు నెలలు తిరిగాయి. జులై 29న కేంద్రం కొత్త జాతీయ విద్యా విధానాన్ని ఆమోదించింది. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా పిల్లల ఇంటి భాషలో, మాతృభాషలో చదువు చెప్పాలని అందులో రాశారు. రాజ్యాంగం 350ఎ అధికరణమూ ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించమంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అనే 8 భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారుచేశారు. అంటే మాతృభాషలో చెప్పాలని అందరూ ఒప్పుకుంటారు. చెప్పగలిగినవాడికి ఆ కుర్చీ ఇవ్వడానికి మాత్రం ఒప్పుకోరు. కువిలో వాచకం అచ్చువేసి, కువి రానివాడి చేతిలో పెడితే అది పిల్లకు చేరుతుందా?

మెరిట్ అంటారా? మాట్లాడుకుందాం. డాక్టరుకు రోగి ఏం చెబుతున్నాడో తెలియకపోతే ఆయన ర్యాంకు రోగికేం చేస్తుంది? ఒకటో తరగతి పంతులుకు మొదటి మెరిట్ పిల్ల మాట అర్థం కావడం. ఆ పరీక్ష డీఎస్సీలో ఒక్క మార్కుకూ లేదు. "పాని" అన్న పిల్లను మందమతి అనుకునేవాడికి తొంభై మార్కులు వచ్చినా, ఆ బడిలో అతనికి మెరిట్ లేనట్టే. ఇది మైదానం నుంచి వచ్చే టీచర్లను తిట్టడానికి అనడం లేదు. వాళ్లలో మన భాష నేర్చుకుని పిల్లల్ని పైకి తెచ్చినవారు ఉన్నారు, వాళ్లకు దండం పెడతాను. కానీ మంచివాడు దొరకడం పిల్ల అదృష్టం మీద ఆధారపడకూడదు. అది హక్కుగా ఉండాలి.

ఇక మన ఇంటి మాట. జీవో 3 ఉన్న ఇరవై ఏళ్లలో ఉద్యోగాలు పొందిన మనవాళ్లందరూ పిల్లలతో మన భాషలో మాట్లాడారా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకుందాం. పాడేరులోనో నర్సీపట్నంలోనో ఇల్లు కట్టుకుని, వారంలో నాలుగు రోజులు బడికి వచ్చి, పిల్లలతో పుస్తకం తెలుగే మాట్లాడి, ఇంట్లో సొంత పిల్లలకు తెగ భాష రాకుండా పెంచినవారు లేరా? కువి పిల్లల ఊరికి కువి ముక్క రాని ఆదివాసీ టీచరును పంపినప్పుడు మనం ప్రశ్నించామా? నేను మంట దగ్గర నేర్చుకున్నది ఇదే. హక్కు కులం సర్టిఫికెట్టుతో మొదలవుతుంది గాని, అక్కడితో ఆగకూడదు. జీవోను మనం ఉద్యోగాల జీవోగానే చూశాం, పిల్లల జీవోగా చూడలేదు. అందుకే అది పోయినప్పుడు ఉద్యోగార్థులు ఏడ్చారు, ఊళ్లకు ఊళ్లు లేవలేదు.

2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వచ్చినప్పుడు మన్యంలో మళ్లీ నిరసనలు జరిగాయి. జరగాలి, ఇంకా జరగాలి. అయితే అడిగేది తేటగా అడుగుదాం. స్థానిక ఆదివాసీ నియామకాల హక్కును తిరిగి నిలబెట్టే చట్టం కావాలి. దానితో పాటు, ఏజెన్సీ ప్రాథమిక బడిలో పోస్టుకు ఆ ఊరి పిల్లల భాష వచ్చి ఉండడం అర్హత కావాలి. రాసే పరీక్ష కాదు, పిల్లల ముందు నిలబెట్టి మాట్లాడించే పరీక్ష. కోర్టు తీర్పు రిజర్వేషన్ శాతం గురించి. పంతులుకు పిల్ల మాట అర్థం కావాలన్నది శాతం కాదు, అర్హత. ఈ అర్హత పెట్టడానికి ప్రభుత్వానికి అడ్డేమిటో చెప్పమందాం.

టీచర్లయిన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. రేపటి నుంచే, ఏ జీవో కోసం చూడకుండా, ఒకటి రెండు తరగతుల్లో పిల్ల భాషలో మాట్లాడండి. రాకపోతే ఆ పిల్లల దగ్గరే నేర్చుకోండి. యువకులారా, సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ ఊరి బడిలో ఎంతమంది పిల్లలు, ఇంట్లో ఏ భాష, పంతులుకు ఆ భాష వచ్చా రాదా అని ఒక కాగితం మీద రాయండి. గ్రామసభలో చదివి వినిపించండి. ఊరి తరువాత ఊరు ఇలా రాస్తే, "ఎందుకివ్వాలి?" అని అడిగేవాడి ముందు పెట్టడానికి మన దగ్గర లెక్క ఉంటుంది.

ఫిబ్రవరిలో బడి తెరిచారు. కుండ దగ్గర నిలబడిన గుంట సంతోషంగా పలక పట్టుకుని పోయింది. వారం తర్వాత మంట దగ్గర కూర్చుని, బడిలో ఏం చదివావని అడిగాను. "నేను మాట్లాడలేదు" అంది మా భాషలో. ఎందుకని అడిగితే, "మాట్లాడితే నవ్వుతున్నారు" అంది.

ఆ పిల్ల మాట్లాడే బడి కావాలి. మనం అడుగుతున్నది అదే.