మధ్యాహ్నపు నీడ భిక్షము కాదు

వడదెబ్బ తగిలి కూలివాడు పడిపోయినప్పుడు, "వాని ఆయువు తీరినది" అనియు, "వాని దేహము ఎండకు ఆగలేదు" అనియు తోటల లైనులలో చెప్పుకొనుట వాడుక. ఈ మాటలు ఓదార్పునకు పనికివచ్చును గాని సత్యమునకు పనికిరావు. ఎండవలన కలుగు వ్యాధి విధివ్రాత కాదు. అది ముందుగా ఎఱిగి ఆపదగిన వ్యాధి. దానిని ఆపుటకు వెలగల మందులు అక్కఱలేదు. నీరు, నీడ, విశ్రాంతి, తన పనివేగమును తానే నిర్ణయించుకొను స్వాతంత్ర్యము, ఈ నాలుగును చాలును. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు ఊహవలన గాక కొలతవలన తేల్చియున్నారు. కావున వీటిని ఇయ్యని యజమానుడు ఇకమీదట "నాకు తెలియలేదు" అని చెప్పుటకు వీలులేదు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశమునకు బిడ్డలను పంపిన కుటుంబములు ఈ సంగతిని ముఖ్యముగా తెలిసికొనవలెను. కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతములనుండియు, కోనసీమనుండియు, కడపనుండియు, శ్రీకాకుళపు తీరమునుండియు వేలకొలది మంది దుబాయి, అబూదాబి, షార్జా పట్టణములకు పోయి కట్టడపు పనులలోను, రోడ్డు పనులలోను, తోటలలోను కూలి చేయుచున్నారు. అల్ ఐన్, లివా అను చోట్ల విస్తారమైన ఖర్జూరపు తోటలున్నవి. ఆ గెలలు పండి కోతకు వచ్చు కాలము నడివేసవియే. చెఱకు నఱకుటకును తేయాకు కోయుటకును అలవాటుపడిన చేతులకు తోటపని క్రొత్త కాదు గాని, ఆ యెండ మాత్రము క్రొత్తదే.

దేహము వేడిని ఎట్లు పోగొట్టుకొనునో తెలిసికొనుటకు మట్టికుండను చూచిన చాలును. కుండ గోడలపై చెమర్చిన నీరు గాలికి ఆరుచుండగా లోపలి నీరు చల్లబడును. గాలిలో తేమ యెక్కువైన దినమున ఆ చెమ్మ ఆరదు, కుండనీరును చల్లబడదు. మనుష్యుని చర్మమును అట్లే పనిచేయును. చెమట ఆరినప్పుడే దేహము చల్లబడును. ఎడారి లోపలి పొడి యెండలో చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోవుటచేత, తాను ఎంత నీటిని పోగొట్టుకొనుచున్నాడో కూలివాడు ఎఱుగడు. సముద్రతీరమున గాలి తేమతో బరువెక్కినప్పుడు చెమట ధారగా కారును గాని ఆరదు; నీరు పోవును, వేడి పోదు. ఎండలో బరువుపని చేయువాడు గంటకు ఒక లీటరు నీటిని, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువను, చెమటరూపమున పోగొట్టుకొనును. నెత్తురు ఒకవైపు కండరములకును మఱియొకవైపు చర్మమునకును పోవలసియుండగా గుండెకు భారము హెచ్చును, మూత్రపిండములకు చేరు నెత్తురు తగ్గును.

ఉష్ణమాపకము చూపు వట్టి అంకె చాలదని శాస్త్రజ్ఞులు చాలకాలము క్రిందటనే కనుగొనిరి. 1905వ సంవత్సరమున జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులోని లోతైన గనులలో పరిశీలన చేసి, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము చూపు వేడియే మనుష్యుడు ఓర్చుకొనగల హద్దును సరిగా తెలుపునని చూపెను. 1957లో యాగ్లూ, మినార్డ్ అనువారు అమెరికా మెరైను సైనికుల శిక్షణ శిబిరములలో గాలి వేడిని, తేమను, ఎండ తీక్ష్ణతను కలిపి లెక్కించు ఒక కొలతను ప్రకటించిరి. దానినిబట్టి కసరత్తును తగ్గించుటచేత సైనికులలో వడదెబ్బలు తగ్గెను. నేటికిని లోకములోని అనేక దేశములలో పనిచోట్ల వేడిని కొలుచుటకు ఈ పద్ధతియే వాడుకలో నున్నది. సైనికుని ప్రాణమును కాచిన కొలత కూలివాని ప్రాణమును ఏల కాయరాదు?

ఎమిరేట్స్ దేశములోనే ఇట్టి పరిశోధనలు జరిగినవి. గ్రేహం బేట్స్, జాన్ ష్నైడర్ అను శాస్త్రజ్ఞులు అచ్చటి కట్టడపు కూలీలను 22 మందిని వేసవిలో 3 దినములు పరిశీలించి, వారి గుండె కొట్టుకొను వేగమును, దేహపు వేడిని, త్రాగిన నీటిని, మూత్రపు చిక్కదనమును కొలిచి, 2008లో తమ ఫలితములను ప్రకటించిరి. తగినంత నీరు త్రాగుచు, తమ వేగమును తామే అదుపులో ఉంచుకొనుటకు సెలవున్నవారు ఆ వేడిలోను దేహమునకు హాని లేకుండ పని చేయగలరని వారు తేల్చిరి. చదువరులు ఈ రెండవ నిబంధనను చక్కగా గమనింపవలెను. నీళ్ల పీపాను ప్రక్కన పెట్టి, మేస్త్రీ వెనుకనుండి "త్వరగా, త్వరగా" అని అదలించుచున్నయెడల ఆ నీరు సగము రక్షణ మాత్రమే.

తరువాత అబూదాబి ఆరోగ్యాధికార సంస్థవారు ఎండలో క్షేమముగా పని చేయుటను గూర్చి ఒక కార్యక్రమము నడిపిరి. 2009 వేసవిలో అది 465 సంస్థలకును 8 లక్షలకు పైగా కూలీలకును చేరెను. దానిని శ్రద్ధతో అనుసరించిన రెండు పెద్ద సంస్థలలో ఎండవలని వ్యాధులు, అంతకుముందటి వేసవితో పోల్చి చూడగా, సగమునకైనను తగ్గెనని 2011లో ప్రకటింపబడెను. ఎండ తగ్గలేదు, సూర్యుడు మారలేదు. మనుష్యులు నడచుకొను విధము మారినది. వ్యాధి విధివ్రాత కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఆ దేశపు ప్రభుత్వమువారు 2005 మొదలుకొని మధ్యాహ్నపు విరామమును నియమముగా చేసిరి. ఇప్పటి నియమమునుబట్టి జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు పగలు 12 గంటల 30 నిమిషములనుండి 3 గంటలవరకు ఆరుబయట నేరుగా ఎండలో పని చేయింపరాదు. ఆ సమయమున నీడగల చోటును, చల్లని నీటిని యజమానుడే సమకూర్పవలెను. నియమము మీరినవానికి ఒక్కొక్క కూలివానికి 5,000 దిర్హములు, మొత్తముమీద 50,000 దిర్హములవరకు జుల్మానా కలదు. నియమము తప్పినట్లు కనబడినయెడల కార్మిక వ్యవహారములను చూచు మంత్రిత్వశాఖకు 600590000 అను సంఖ్యకు టెలిఫోను చేసి తెలుపవచ్చును. 2025 వేసవికి ఈ విరామము 21 వేసవులు పూర్తిచేసికొన్నది. ఇది మెచ్చదగిన పని.

మెచ్చదగినదైనను అది చాలదని చెప్పక తప్పదు. ఎండ పంచాంగము చూచి రాదు. 2025 మే 24వ తేదీన అల్ ఐన్ ప్రాంతములోని స్వైహాన్ అనుచోట వేడి 51.6 డిగ్రీలకు ఎక్కెను. విరామపు నియమము మొదలగుటకు అప్పటికి ఇంకను మూడు వారములు గడువుండెను. ఆ దినమున మిట్టమధ్యాహ్నము పారపట్టుకొని నిలిచినవానికి జూన్ 15వ తేదీవలన ఏమి లాభము? అట్లే తీరమున తేమ గాలి వీచునప్పుడు ఉదయము 10 గంటలకును, సాయంకాలము 4 గంటలకును ఆపద యుండవచ్చును. పొరుగునున్న కతర్ దేశములో, గ్రీసు దేశపు శాస్త్రజ్ఞులు కూలీలను పరిశీలించిన పిమ్మట, 2021లో నియమమును మార్చిరి. అచ్చట జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయము 10 గంటలనుండి మధ్యాహ్నము 3 గంటల 30 నిమిషములవరకు ఎండపని నిషేధింపబడినది. అంతేగాక తేమను, ఎండను కలిపి లెక్కించు కొలత 32.1 డిగ్రీలు దాటినయెడల ఏ వేళయైనను, ఏ నెలయైనను పని ఆపవలెను. గడియారముతోకూడ కొలతను చేర్చిన ఈ పద్ధతియే న్యాయమైనది. అబూదాబిలో వేడిని కొలిచి పనిని సరిచూచు పద్ధతి ఇదివరకే తెలిసియున్నది గనుక దేశమంతటికిని ఇట్టి నియమము చేయుట అసాధ్యము కాదు. సొంత తోటలలో పనిచేయు తోటమాలులకును గొఱ్ఱెల కాపరులకును కూడ అదే నీడ, అదే నీరు కలుగవలెను.

ఈ విషయమున అశ్రద్ధకు చెల్లింపబడు వెల ఎంత పెద్దదో కతర్‌లోని నేపాలీ కూలీలనుగూర్చిన లెక్కవలన తెలియును. 2009 మొదలు 2017 వరకు అచ్చట 1,300కు పైగా నేపాలీలు మరణింపగా, వారిలో 571 మంది గుండెజబ్బువలన చనిపోయినట్లు వ్రాయబడెను. ఎండనుండి తగిన రక్షణ కలిగియున్నయెడల వారిలో 200 మందివరకు బ్రదికియుండెడివారని శాస్త్రజ్ఞులు 2019లో అంచనా వేసిరి. మరణపత్రముపై "గుండె ఆగినది" అని వ్రాయుట సులభము. ఏల ఆగినదో అడుగువారు లేనిచో ఆ కాగితమే కథను ముగించును.

"పని ఆగిన మాకు నష్టము" అని యజమానులు చెప్పుదురు. చెఱకుతోటల కుటుంబములు దీనికి ప్రత్యుత్తరము వినవలెను. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశములలో మధుమేహము గాని రక్తపోటు గాని లేని పడుచు కూలీలు చెఱకు నఱకుచు నఱకుచు మూత్రపిండములు చెడి వందలకొలదిగా చనిపోయిరి. నికరాగువాలోని ఒక పెద్ద చక్కెర మిల్లు తోటలలో నీరు, నీడ, విశ్రాంతి పెంచి, ప్రతి కోతకాలమునందును కూలీల నెత్తురును పరీక్షించి చూచిరి. 2017-18 కోతకాలమున కాల్చిన చెఱకును నఱకువారిలో నూటికి 27 మందికి మూత్రపిండములు దెబ్బతినియుండగా, విశ్రాంతిని ఇంకను పెంచిన 2018-19 కోతకాలమున నూటికి 7 మందికే అట్లయ్యెను. మూత్రపిండములు చెడి మంచము పట్టిన కూలివానివలన ఏ యజమానునికి లాభము కలుగును? విశ్రాంతి యిచ్చుట నష్టమనువారు లెక్కలో సగమును మాత్రమే చదువుచున్నారు.

ఐతే దీనినిబట్టి అన్ని మూత్రపిండ రోగములును ఎండవలననే కలుగునని అనుకొనరాదు. శ్రీకాకుళము జిల్లాలో కొబ్బరి, జీడిమామిడి తోటలకు పేరుపొందిన ఉద్దానమును ఈ రోగము ఎంతోకాలముగా పీడించుచున్నది. దాని కారణము ఇంకను నిశ్చయింపబడలేదు, పరిశోధన సాగుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును 200 పడకల ఆసుపత్రియు తెఱవబడెను. ఉద్దానమునుండి గల్ఫునకు పోవువారు బయలుదేరుటకు ముందు ఒకసారియు, సెలవులకు వచ్చినప్పుడెల్ల ఒకసారియు నెత్తురు పరీక్ష చేయించుకొనుట మిక్కిలి అవసరము.

యజమానుల బాధ్యత, ప్రభుత్వముల బాధ్యత ఇట్లుండగా, ఇంటివారి బాధ్యతయు కొంత కలదు. ఏజెంటునకు ఇచ్చిన అప్పు తీరవలెనని, చెల్లెలి పెండ్లి జరుగవలెనని, ఇల్లు లేవవలెనని ఇంటినుండి మాటిమాటికి టెలిఫోను వచ్చుచుండగా, అక్కడివాడు ఓవర్‌టైముకొఱకు విశ్రాంతిని మానుకొనును. మూత్రవిసర్జనకు పోయిన కాలము వ్యర్థమగునని నీరు త్రాగుట తగ్గించును. తలనొప్పికి, ఒడలినొప్పులకు మాత్రలు మ్రింగి మరల ఎండలో నిలుచును; దేహములో నీరు తగ్గినప్పుడు నొప్పిమాత్రలు మూత్రపిండములకు కీడు చేయునని వాడెఱుగడు. "ఎంత పంపుచున్నావు?" అని అడుగుటకు ముందు "మధ్యాహ్నము నీడను కూర్చుంటివా? నీరు త్రాగితివా?" అని తల్లి యడిగినయెడల ఆ ప్రశ్న ఏ మందుకంటెను మేలు చేయును.

పోవువానికి ఇంటివారు నేర్పి పంపవలసిన సంగతులు కొన్ని కలవు. దాహము వేయువరకు ఆగక కొంచెము కొంచెముగా మాటిమాటికి నీరు త్రాగవలెను. మూత్రము లేత గడ్డిరంగుగా నుండిన మంచిది. చిక్కగా, ముదురురంగుగా నున్నయెడల నీరు చాలలేదని అర్థము. ఉప్పు కలిపిన మజ్జిగయు గంజియు దొరికినచోట త్రాగుట మంచిది. దేహము వేడికి అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. క్రొత్తవానికి మొదటి దినమున పూర్తి పనిలో 5వ వంతు మాత్రమే యిచ్చి దినదినమునకు కొంచెము పెంచవలెనని వైద్యులు చెప్పుదురు. తోడివాడు తడబడి మాటలాడినను, తూలినను, స్మృతి తప్పినను, అది వడదెబ్బయే యని యెంచి, వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలంతయు చల్లని నీటితో తడిపి విసరుచు, ఆసుపత్రికి కబురంపవలెను. స్మృతిలేనివాని నోట నీరు పోయరాదు.

కూలివాడు తన బలమును అమ్ముకొనుచున్నాడు గాని తన మూత్రపిండములను, తన గుండెను అమ్ముకొనుటలేదు. దినకూలితో వాటికి వెల కట్టువారు లేరు, కట్టరాదు. మధ్యాహ్నపు నీడ యజమానుడు దయతలచి వేయు భిక్షము కాదు. అది కొలిచి చూచి తేల్చిన అవసరము. గనులలోను శిబిరములలోను చెఱకుతోటలలోను చచ్చినవారి మరణములవలన లోకము నేర్చుకొన్న పాఠము. ఆ పాఠమును మరల మరల ప్రాణములిచ్చి నేర్చుకొనవలసిన పని లేదు. నీడను అడుగుటకు కూలివాడు సిగ్గుపడనక్కఱలేదు. ఇయ్యకుండుటకు యజమానుడే సిగ్గుపడవలెను.