రుసుము సర్కారుకు, చీకటి పక్కింటికి

కర్ణాటక నగరాభివృద్ధి, పురపాలక శాఖల మంత్రివర్యులకు, రాయచూరు జిల్లాధికారి గారికి, జిల్లాలోని పట్టణాల్లో, పంచాయతీల్లో ఇళ్ళ ప్లాన్లకు సంతకం పెట్టే అధికారులందరికీ

అయ్యా,

రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం. ఆఫీసులకు వరసగా రెండు రోజులు సెలవు. ప్లానుకు మించి కట్టేవాళ్ళు స్లాబుకు ముహూర్తం పెట్టుకునేది పంచాంగం చూసి కాదు, ఈ సెలవులు చూసి. శనివారం తెల్లవారుజామున మిల్లరు వచ్చి దిగుతుంది, సాయంత్రానికి స్లాబు పడిపోతుంది. సోమవారం పక్కింటాయన అర్జీ రాసుకుని ఆఫీసు మెట్లెక్కేసరికి ఇక్కడ స్లాబుకు మడులు కట్టి నీళ్ళు పెడుతుంటారు. ఖాళీగా వదలాల్సిన మూడడుగుల జాగా మీదికి సజ్జ వచ్చేసింది. "పడిన స్లాబును ఏం చేస్తామండీ, మీరూ మీరూ కూర్చుని మాట్లాడుకోండి" అని ఆయనకు సలహా దొరుకుతుంది.

ఆ ఒక్క మాటతో ఊరి పాలనకు సంబంధించిన విషయం ఇద్దరు మనుషుల మధ్య పగ అయిపోతుంది. పోలీసుల దగ్గరికి పోతే సివిల్ వ్యవహారం అంటారు. సివిల్ కోర్టుకు పోతే చెక్కుబందీ కాగితాలు, సర్వే, వాయిదాలు. ఆయన అడిగింది మాత్రం చాలా చిన్న ప్రశ్న: మంజూరైన ప్లానులో ఈ సజ్జ ఉందా, లేదా? దానికి జవాబు ఆఫీసు బీరువాలో ఉంది. కోర్టులో లేదు.

కోర్టు దారి ఎంత ఇరుకో కూడా చెప్తాను. అడ్డం లేకుండా 20 ఏళ్ళు అనుభవించిన గాలీ వెలుతురూ మీద హక్కు పుడుతుందని చట్టం అంటుంది. కొత్త లేఅవుట్‌లో ఎనిమిదేళ్ళ కిందట ఇల్లు కట్టుకున్న మనిషికి ఆ ఆసరా లేదు. ఆయన కిటికీకి ఉన్న కాపలా అంతా, ఇంటి చుట్టూ జాగా వదలాలని మీరు రాసిన సెట్‌బ్యాక్ నిబంధనే. దాన్ని మీరు పట్టించుకోకపోతే ఆయన తరఫున నిలబడేది ఏదీ లేదు.

ఈ తగాదాలన్నీ ఒక తీరుగా ఉండవు. రాయచూరు కోట చుట్టుపక్కల పాత పేటలు చూడండి. రాతి గోడలు, పైన మట్టి మిద్దె. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే ఉమ్మడి గోడ. పక్క గోడలకు కిటికీలు ఉండవు, వెలుతురు మిద్దెలో వదిలిన గవాచిలోంచి దిగేది. వానొస్తే ఎవరో ఒకరు పైకెక్కి దాని మీద బండ మూసి వచ్చేవాళ్ళు. ఇళ్ళన్నీ ఇంచుమించు ఒకే ఎత్తు కాబట్టి సెట్‌బ్యాక్ అనే మాటతో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు ఒకాయన మిద్దె పడగొట్టి, పిల్లర్లు లేపి మూడంతస్తులు వేస్తాడు. పక్క మిద్దె గవాచి నీడలోకి పోతుంది. పై అంతస్తు కిటికీ తీస్తే కింద పక్కవాళ్ళ దొడ్డి, స్నానాల గది తలుపు కనిపిస్తాయి. గోడకు ఆనించి పునాది తవ్వితే అటువైపు గోడ బీట వారుతుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊరు మాది. గాలి ఆడని గది అంటే ఏమిటో మీకు నేను వివరించక్కర్లేదు.

ఆ కోట మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలనిపిస్తోంది. 1294లో కాకతీయుల కాలంలో, గోన గన్నారెడ్డి ఏలుబడిలో దాన్ని కట్టినవాళ్ళు ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో నలభై అడుగులు దాటిన రాతి మీద చెక్కి గోడలోనే పెట్టారు. దారిన పోయేవాడు ఎవరైనా చదువుకోవచ్చు. ఏడు వందల ఏళ్ళు గడిచాక అదే ఊళ్ళో పక్కింటి ప్లాను చూడాలంటే సమాచార హక్కు కింద అర్జీ పెట్టి ముప్పై రోజులు ఆగాలి. స్లాబు అంతకాలం ఆగదు.

సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో కథ వేరు. తుంగభద్ర ఎడమ కాలువ కింద సాగు మొదలయ్యాక ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు పొలాల పక్కనే ఇళ్ళు వేసుకున్నారు. అప్పట్లో జాగాకు కొదవ లేదు. హద్దు అంటే ఒక వేపచెట్టో, పశువుల కొట్టం మూలో. కొడుకులు పంచుకున్నారు, మనవలు మళ్ళీ పంచుకున్నారు. ఇవాళ అన్నదమ్ముల బిడ్డలే ఇరుగుపొరుగు. 1993 నాటి కర్ణాటక పంచాయతీరాజ్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం పల్లెలో ఇల్లు లేపాలన్నా పంచాయతీ అనుమతి కావాలి. కానీ క్యాంపులో "ఆస్తికి ఫారం 9, ఫారం 11ఏ వచ్చాయా?" అని అడుగుతారు తప్ప, కట్టడానికి అనుమతి ఉందా అని అడిగేవాళ్ళు అరుదు. పెద్దాయన బతికున్నన్నాళ్ళూ "చూరు నీళ్ళే కదరా, మన పెదనాన్న ఇంటివే, పడనీ" అని సర్దిచెప్తాడు. ఆయన పదకొండో రోజు అయ్యాక ఆ చూరు నీళ్ళ మీదే కేసు పడుతుంది. పెళ్ళిపిలుపులు కూడా ఆగిపోతాయి.

ఇంత దూరం రావడానికి అసలు కారణం మనుషుల దురాశ ఒక్కటే కాదు, మీరు చూపిన ఆశ కూడా. అక్రమ-సక్రమ అన్నారు. పట్టణ ప్రణాళిక చట్టంలో 76-ఎఫ్ఎఫ్ సెక్షన్ పెట్టారు. నివాసాలకైతే 50 శాతం దాకా, మిగతా కట్టడాలకైతే 25 శాతం దాకా నిబంధన మీరినా రుసుము కడితే సక్రమమే అన్నారు. 2016 డిసెంబరులో హైకోర్టు సరేనంది. నెల తిరిగేసరికి, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది. స్కీము ఆగింది కానీ "మళ్ళీ వస్తుందిలే" అన్న మాట ఆగలేదు. మేస్త్రీ అంటాడు, ప్లాను గీసే ఇంజనీరు అంటాడు, అప్పిచ్చేవాడు కూడా అంటాడు. తుంగభద్ర అవతల ఆంధ్రలో బీపీఎస్, కృష్ణ అవతల తెలంగాణలో బీఆర్ఎస్. (పార్టీ కాదు, పార్టీకి ఆ పేరు రాకముందే ఉన్న స్కీము.) పేర్లు వేరు, బేరం ఒకటే.

ఈ బేరంలో ఇద్దరే ఉన్నారు. నిబంధన మీరినవాడు ఒకడు, రుసుము పుచ్చుకునే సర్కారు ఒకటి. గోడ అవతల కూర్చున్న మూడో మనిషి ఏ దరఖాస్తులోనూ ఉండడు. ఆయన వంటగదికి రావాల్సిన వెలుతురు ఆ మూడడుగుల జాగాలోంచే రావాలి. దాన్ని చదరపు మీటరు లెక్కన కొలిచి, ధర కట్టి, డబ్బు ఖజానాలో వేసుకున్నాక ఆయనకు మిగిలింది పట్టపగలు లైటు వేసుకోవడం, ఆ కరెంటు బిల్లు కట్టుకోవడం. ఆయన వెలుతురును అమ్మే అధికారం మీకు ఎవరిచ్చారు?

ఇది కొత్త ప్రశ్న కాదు. మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే 1974లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఉడుపిలో నివాస ప్రాంతంలో కల్యాణ మంటపం కడతానని అనుమతి తీసుకున్న మనిషి దాన్ని సినిమా హాలు చేస్తానంటే పురసభ ఒప్పుకుంది. ఆ ప్రాంతంలో ఉండే ఒకాయన కోర్టుకెక్కాడు. కట్టుకున్నవాడికి డబ్బు ఖర్చయి ఉంటుంది కదా అని హైకోర్టు వెనకాడింది. సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. పథకానికి విరుద్ధంగా అనుమతి ఇచ్చే అధికారమే పురసభకు లేదని, అక్రమ కట్టడం ఆ ప్రాంత నివాసులు తమ ఆస్తిని అనుభవించే హక్కును దెబ్బతీస్తుందని చెప్పి తీర్మానాన్ని కొట్టేసింది. అంటే పొరుగువాడు గోడ మీంచి తొంగిచూసే మనిషి కాదు, ఆ నిబంధనలో వాటాదారు. ఈ మాట చెప్పి యాభై ఏళ్ళు దాటింది.

2024 డిసెంబరు 17న మీరట్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. పని సాగినన్నాళ్ళూ మంజూరైన ప్లానును కట్టే చోట కనబడేలా పెట్టాలి. అధికారులు మధ్యమధ్యలో వచ్చి తనిఖీ చేసి రికార్డు చేయాలి. పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చాకే కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలి. తప్పు చేసిన అధికారి మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలి. ఈ ఆదేశాలు మీరట్‌కు మాత్రమే కాదు, దేశంలో అన్ని రాష్ట్రాలకూ. రాయచూరులో కడుతున్న ఇళ్ళ ముందు బూడిద గుమ్మడికాయ కనబడుతుంది, దిష్టిబొమ్మ కనబడుతుంది. ప్లాను ఎక్కడ కనబడుతోందో మీరే ఒకసారి వీధుల్లో తిరిగి చూడండి.

ఆ తీర్పు తరవాత మీరు చేసిందేమిటి? 2025 ఫిబ్రవరిలో రాష్ట్రమంతా అనధికార ఆస్తులకు మూడు నెలల్లో బి-ఖాతాలు ఇమ్మన్నారు. పన్ను రాబడికి అది అవసరమే కావచ్చు, కాదనను. కానీ వీధిలో దాని అర్థం వేరే అయింది. "నాకు ఖాతా ఉంది, పన్ను కడుతున్నా, నువ్వెవడివి అడగడానికి?" పన్ను రశీదు అనుమతి కాదని ఆ కాగితం మీద పెద్దక్షరాల్లో అచ్చేయిస్తే మీ సొమ్మేం పోయింది? అదే ఏడాది బెంగళూరులో 1200 చదరపు అడుగుల దాకా ఉన్న సైట్లలోని చిన్న ఇళ్ళకు నివాసయోగ్యతా పత్రం (ఓసీ) అక్కర్లేదన్నారు. 30×40 సైటు వాళ్ళ అవస్థ నాకు తెలుసు, ఆ మినహాయింపులో దయ ఉంది. అయితే గోడలు దగ్గరగా ఉండేదీ, పక్కింటి మాట ఎక్కువగా నలిగేదీ ఆ సైట్లలోనే. అక్కడ చివరి తనిఖీ తీసేస్తే, మొదటి తనిఖీ తప్పకుండా ఉండాలి.

ఇదంతా చదివి రేపు పొద్దున జేసీబీ పంపకండి. జేసీబీ ముందు పోయేది ఎవరి ఇంటికో మాకు తెలుసు. 2024 నవంబరులో అదే సుప్రీంకోర్టు, కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇచ్చి, మనిషి చెప్పేది వినాలని కట్టడి చేసింది. మంచిదే. నిబంధన మీరే ప్రతివాడూ దుర్మార్గుడు కాడు. 20×30 సైటు, కొడుక్కు పెళ్ళయింది, కోడలు వస్తే ఒక గది కావాలి, చేతిలో చీటీ పాడిన డబ్బు. నాలుగు వైపులా జాగా వదలమంటే ఆయనకు గది కాదు, గూడు మిగులుతుంది. పాటించలేని నిబంధన పెట్టి, అందరినీ తప్పు చేసినవాళ్ళను చేసి, తరవాత స్కీము పెట్టి క్షమించడం పరిపాలన అనిపించుకోదు. కృష్ణ దాటితే తెలంగాణలో 2020 నుంచి 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకోవాలంటే రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. ఆ పద్ధతిలో లోపాలు లేవని కాదు. చిన్న ఇంటికి వేరే కొలత కావాలని వాళ్ళు ఒప్పుకున్నారు, అంతే. మీరూ ఒప్పుకోండి. ఒక పక్క వదిలితే చాలంటే చాలనండి, కానీ ఆ ఒక్క పక్కా నిజంగా వదిలేలా చూడండి.

చూడాల్సిన రోజు ఎప్పుడో ఏ మేస్త్రీని అడిగినా చెప్తాడు. సున్నంతో ముగ్గు పోసిన రోజు ఒకటి, ప్లింత్ బీము వేసే ముందు ఇంకొకటి. ఆ రెండు రోజులూ ఆఫీసు మనిషి టేపు పట్టుకుని వచ్చి, కొలిచి, ఫొటో తీసి, తేదీ వేస్తే సగం తగాదాలు పుట్టవు. టేపు అరగంటలో చేసే పనిని తరవాత కోర్టు పదేళ్ళలో చేయలేదు. ప్లాను బోర్డు మీద ఎంత వదలాలో ప్రతి వైపూ అడుగుల్లో రాయించండి. కన్నడ చదవడం రాని తెలుగు ముసలమ్మ కూడా అంకెలు చదువుతుంది.

స్లాబు పడకముందు వచ్చిన ఫిర్యాదుకు వారంలో రాతపూర్వకంగా జవాబివ్వండి: ప్లాను ప్రకారం ఉంది, లేదా లేదు. లేకపోతే పని ఆపించడానికి చట్టం చేతిలోనే ఉంది. పట్టణాలకు 1964 నాటి మునిసిపాలిటీల చట్టంలో 187వ సెక్షన్ ఉంది. రాయచూరు నగరసభ మహానగర పాలికె అయింది కాబట్టి అక్కడ 1976 నాటి చట్టం, దానిలో 321వ సెక్షన్. ఆ విచారణలో పొరుగువాడిని కూడా పిలిచి వినండి. అక్రమ కట్టడాన్ని ఆపలేకపోయిన అధికారికి శిక్ష చెప్పే 321-బి కూడా అక్కడే ఉంది. దాన్ని ఇంతవరకు ఎంతమంది మీద వాడారో చెప్పగలరా?

ఫిర్యాదును వ్యాపారం చేసుకున్నవాళ్ళు ఉన్నారని మీరు అంటారు. ఉన్నారు. పక్కింట్లో ఇసుక దిగగానే అర్జీ రాసి, రెండు లక్షలు అడిగి, ముట్టగానే అర్జీ వెనక్కి తీసుకునేవాళ్ళను మేమూ చూస్తున్నాం. అందుకే ఒకసారి నమోదైన ఫిర్యాదును ఎవరూ వెనక్కి తీసుకోలేకుండా చేయండి. కొలత ఎంత వచ్చిందో గోడకు అంటించండి. అప్పుడు అమ్ముకోవడానికి వాడి దగ్గరా ఏమీ ఉండదు, మీ కింది ఉద్యోగి దగ్గరా ఏమీ ఉండదు.

ఇక రేపు మళ్ళీ సక్రమం చేసే స్కీము ఏదైనా తెస్తే, పక్క సెట్‌బ్యాక్‌ను మాత్రం పక్కింటివాళ్ళను వినకుండా సక్రమం చేయకండి. విన్నాక కూడా చేయక తప్పదనుకుంటే, రుసుములో వాళ్ళకు వాటా రాయండి. నష్టం వాళ్ళది కాబట్టి.

మాఘమాసం వస్తే శంకుస్థాపనల ముహూర్తాలు మొదలవుతాయి. ఆ లోపు ప్లాను బోర్డు గురించి, ముగ్గు రోజు కొలత గురించి ఒక సర్క్యులర్ రాయచూరుకు, సింధనూరుకు, మాన్వికి, లింగసుగూరుకు, దేవదుర్గకు, క్యాంపుల పంచాయతీలకు చేరేలా చూడండి. దాని నకలు మేస్త్రీలకూ అందాలి. అందరికంటే ముందు టేపు పట్టేది వాళ్ళే.

ఇట్లు,
రాయచూరు జిల్లా పౌరుడొకడు